నాలుగు కర్రలూ, పదిమంది మనుషులూ

పోయినేడాది సెప్టెంబర్లో ఒక యూదుల పెళ్ళిలో నేను కర్ర పట్టుకున్నాను.

కొలరాడో కొండల్లో, డెన్వర్ నుంచి రెండున్నర గంటల దూరంలో, వారాంతానికి అద్దెకి తీసుకున్న చెక్క ఇల్లు. దాని ముందు పచ్చిక. నాలుగు కర్రలు, వాటి మీద నాలుగు మూలలా కట్టిన పాత ప్రార్థన శాలువా. దీన్ని హుప్పా అంటారు. మన పెళ్ళిపందిరికి దూరపు చుట్టం అనుకోండి. కొందరు కర్రల్ని నేలలో పాతేస్తారు, కొందరు మనుషుల చేత పట్టిస్తారు. వీళ్ళు రెండో పద్ధతి ఎంచుకున్నారు. శాలువా పెళ్ళికొడుకు వాళ్ళ తాతగారిది. నా వంతుకి వచ్చింది వెనక ఎడమ కర్ర.

పెళ్ళికొడుకు మా టీంలోనే పనిచేస్తాడు. వాడిది బ్రూక్లిన్, అమ్మాయిది షికాగో దగ్గర. ఉద్యోగాల కోసం డెన్వర్ వచ్చారు. ఇక్కడ వాళ్ళకి సినగాగ్ సభ్యత్వం లేదు, తెలిసిన రబ్బీ లేడు, చుట్టాలు అసలే లేరు. ఊరికి పోయి చేసుకుంటే ఎవరి ఊరన్నది పెద్ద తగాదా. అందుకని "మనమే చేసుకుందాం" అనుకున్నారు. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచారు. కర్రలు, శాలువా, వైను, పగలగొట్టడానికి గాజుగ్లాసు, వంట, కుర్చీలు, ఒక్కోదాని పక్కన ఒక్కో పేరు. నా పేరు పక్కన "కర్ర 3" అని ఉంది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర వాడు ఒక పుస్తకం నా చేతిలో పెట్టి, "నువ్వు పట్టుకునేది ఏమిటో చదివి తెలుసుకో" అన్నాడు.

అది అనితా డయమంట్ రాసిన 'ది న్యూ జూయిష్ వెడ్డింగ్'. 1985లో మొదట వచ్చింది. 2017లో బాగా మార్చి 'ది జూయిష్ వెడ్డింగ్ నౌ' అన్న పేరుతో మళ్ళీ తెచ్చారు. ఆమె నవల 'ది రెడ్ టెంట్' మీలో కొందరు చదివే ఉంటారు. ఆ నవల కన్నా పన్నెండేళ్ళ ముందు రాసిన పుస్తకం ఇది.

పెళ్ళి గైడుకి సమీక్ష ఏమిటని మీరు అడగొచ్చు. పెద్దబాలశిక్షని పుస్తకం కాదని మనం ఎప్పుడూ అనలేదు కదా. ఎలా చేయాలో చెప్పే పుస్తకాల్లోనూ మంచి వచనం, చెడ్డ వచనం ఉంటాయి. నా ఉద్యోగంలో రోజూ చదివేది డాక్యుమెంటేషనే కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త పట్టుంది. చెడ్డ డాక్యుమెంటేషన్ ఏ బటన్ నొక్కాలో చెప్పి ఊరుకుంటుంది. మంచిది ఆ బటన్ అక్కడ ఎందుకు ఉందో, నొక్కకపోతే ఏమవుతుందో కూడా చెబుతుంది.

డయమంట్ రెండో రకం. ఆమె చేసిన అతి ముఖ్యమైన పని చట్టాన్నీ ఆచారాన్నీ విడదీసి చూపించడం. యూదుల పెళ్ళిలో మనకి సినిమాల్లో కనిపించేవి, అంటే కాలికింద గాజుగ్లాసు పగలడం, కుర్చీల మీద ఎత్తుకుని ఆడటం, వధువు వరుడి చుట్టూ తిరగడం, ఇవన్నీ ఆచారాలు. చట్టానికి కావలసినవి వేరే: వరుడు వధువుకి విలువ ఉన్న వస్తువేదైనా ఇవ్వడం, ఆమె ఇష్టంతో తీసుకోవడం, ఇద్దరు సాక్షులు చూడటం, కెతుబా అనే ఒప్పందపత్రం. రబ్బీ కూడా ఖచ్చితంగా ఉండి తీరాలని లేదు. తెలిసినవాడు పక్కనుండాలనేదే కట్టుబాటు. ఈ ముక్క చదివాక మావాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట.

ఆచారాలకి అర్థాలు చెప్పే దగ్గర ఆమె వచనం ఇంకా బాగుంటుంది. గ్లాసు ఎందుకు పగలగొడతారు? జెరూసలేం ఆలయం కూలిన దుఃఖాన్ని సంతోషంలోనూ మరిచిపోకుండా ఉండటానికి అని ఒక మాట. దుష్టశక్తుల్ని బెదరగొట్టడానికి అని ఇంకో మాట. ఆమె ఏదీ తీసిపారేయదు, ఏదీ అంతిమమని అనదు. ప్రశ్న అడిగితే కసురుకునే పెద్దలు మనందరి ఇళ్ళలోనూ ఉన్నారు. ఈ పుస్తకంలో పెద్దావిడ కసురుకోదు.

ఈ ధోరణికి వెనక ఒక చరిత్ర ఉంది. 1973లో 'ది జూయిష్ కేటలాగ్' అని ఒక పుస్తకం వచ్చింది. దాని ఉపశీర్షికలోనే "డూ ఇట్ యువర్‌సెల్ఫ్ కిట్" అని ఉంటుంది. హిప్పీల కాలం. 'హోల్ ఎర్త్ కేటలాగ్' చూసి ప్రేరణ పొందిన యువకులు కొవ్వొత్తులు పోయడం, రొట్టె అల్లడం, శాలువాకి కుచ్చులు ముడివేయడం అన్నీ ఎవరికి వాళ్ళు చేసుకునేలా రాశారు. మరుసటేడే మార్షల్ స్క్లేర్ అనే సమాజశాస్త్రవేత్త 'కామెంటరీ' పత్రికలో దాని మీద విరుచుకుపడ్డాడు. క్లుప్తంగా ఆయన బాధ ఇది: కట్టుబడాల్సిన చట్టాన్ని తీసేసి, ఆ చోట అభిరుచిని కూర్చోబెట్టారు. నచ్చింది ఉంచుకో, నచ్చనిది వదిలేయ్.

డయమంట్ చదువుతున్నంతసేపూ స్క్లేర్ నా చెవిలో గొణుగుతూనే ఉన్నాడు. ఆయన చెప్పింది సగం నిజం అనుకుంటాను. నిజమైన సగం కెతుబా దగ్గర బయటపడుతుంది.

సంప్రదాయ కెతుబా చదివితే మీరు నిరాశపడతారు. అందులో ప్రేమ అన్న మాటే ఉండదు. తేదీ, ఊరు, పేర్లు, వరుడి బాధ్యతలు: తిండి, బట్ట, దాంపత్యం. ఆమెకి రావాల్సిన సొమ్ము, కన్యకైతే 200 జూజ్‌లు. చావో విడాకులో వస్తే ఆమె రోడ్డున పడకూడదని రాసిన పత్రం అది. అది కూడా అరమాయిక్‌లో రాసింది. ప్రార్థనల హీబ్రూ కాకుండా అరమాయిక్ ఎందుకంటే, అప్పట్లో జనం మాట్లాడే భాష, దస్తావేజులు రాసుకునే భాష అదే కాబట్టి. వాడుక భాషే. ఇవాళ అదే అర్థం కాని మంత్రంలా వినిపిస్తుంది. వ్యావహారికం కూడా కదలకుండా కూర్చుంటే గ్రాంథికం అయిపోతుందన్న మాట.

కొత్తతరం కెతుబాలు దీనికి విరుగుడుగా పుట్టాయి. డయమంట్ వాటి నమూనాలు ఇస్తుంది. ఇద్దరూ సమానం, ఇద్దరూ ఒకరికొకరు మాట ఇచ్చుకుంటారు, భాష లలితంగా ఉంటుంది, అంచుల్లో దానిమ్మపళ్ళు, పక్షులు. గోడకి తగిలించుకునేంత అందం. సమానత్వం రావడం మంచిదే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఒప్పందం కాస్తా ప్రేమలేఖ అయినప్పుడు ఏం పోయింది?

ఈ ప్రశ్న అడిగింది నేను కాదు, పెళ్ళికూతురు. వాళ్ళ పిన్ని ఒకావిడకి కోర్టులో విడాకులు అయిపోయినా, భర్త మతపరమైన విడాకుల పత్రం, గెట్, ఇవ్వకుండా ఏళ్ళతరబడి తిప్పాడట. సంప్రదాయ చట్టంలో గెట్ ఇవ్వాల్సింది భర్తే. ఇవ్వకపోతే ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. అలా ఇరుక్కుపోయిన స్త్రీని అగునా అంటారు, కట్టేయబడినది అని అర్థం. దీనికోసమే 1954లో కన్సర్వేటివ్ శాఖవాళ్ళు సౌల్ లీబర్మన్ రాసిన ఒక షరతుని కెతుబాలో చేర్చారు. ఆర్థడాక్స్ వర్గాల్లో పెళ్ళికి ముందే విడిగా సంతకం చేసే ఒప్పందాలు వచ్చాయి. అమ్మాయి అలాంటిదేదో మాకూ కావాలంది. "శుభమా అని పెళ్ళి చేసుకుంటూ విడాకుల మాట ఎందుకు?" అని మావాడు. రెండు వారాలు ఇద్దరికీ సరిగ్గా మాటల్లేవు. ఆఫీసులో మేమందరం గమనించాం.

డయమంట్ పుస్తకం మీద నా ఫిర్యాదు ఇక్కడే. అందులో ఎంపికలన్నీ ఒకే బల్ల మీద, ఒకే వెలుగులో పరిచి ఉంటాయి. ఏ రంగు శాలువా, ఏ కవిత, ఏ కెతుబా పాఠం. వీటిలో కొన్ని అభిరుచులు, కొన్ని బీమా పాలసీలు. ఆ తేడా ఆమెకి తెలీదని కాదు, తెలుసు. కానీ ఆ స్నేహపూర్వకమైన గొంతులో తేడా చదును అయిపోతుంది. తాల్ముద్‌లో ఒక హెచ్చరిక ఉంది: పెళ్ళి విడాకుల చట్టం తెలియనివాడు వాటి జోలికి పోకూడదని. మొదట చదివినప్పుడు పురోహితవర్గం తన పొట్ట కాపాడుకుంటోందనుకున్నాను. ఆ పిన్ని కథ విన్నాక అలా అనుకోలేకపోయాను.

ఆ తగాదా తెగడానికి పనికొచ్చింది రెండువేల నాలుగువందల ఏళ్ళనాటి ఇంకో పెళ్ళి కాగితం. బ్రూక్లిన్ మ్యూజియంలో కొన్ని అరమాయిక్ పాపిరస్‌లు ఉన్నాయి. ఈజిప్టులో, నైలు నది మధ్య ఎలిఫంటీన్ ద్వీపంలో, పర్షియన్ల కొలువులో సిపాయిలుగా ఉన్న యూదుల కాలనీలో దొరికినవి. అందులో క్రీ.పూ. 449 నాటి పత్రం ఒకటి. అక్కడి ఆలయంలో పనిచేసే అననియా అనే యూదుడు, తామూత్ అనే ఈజిప్షియన్ బానిస స్త్రీని పెళ్ళాడాడు. సొంత నేలకి దూరంగా చేసుకున్న పెళ్ళి. ఆమె తెచ్చుకున్న వస్తువులు లెక్కరాసి ఉంటాయి. విడిపోవాలని అతను చెబితే ఏమవ్వాలో ఉంటుంది, ఆమె చెబితే ఏమవ్వాలో కూడా ఉంటుంది. ఆమె కూడా చెప్పొచ్చు! చిన్నప్పుడు స్కూల్ ట్రిప్పులకి వెళ్ళిన మ్యూజియంలోనే ఇది ఉందని తెలిసి మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ ఒప్పందం ప్రింటు తీసి, తనే ముందు సంతకం పెట్టాడు.

మన దగ్గరా ఈ పని జరిగింది. త్రిపురనేని రామస్వామి చౌదరి 'వివాహవిధి' రాసి, సంస్కృత మంత్రాల బదులు తెలుగులో పెళ్ళిళ్ళు చేయించారు. ఆయన పోరాటం పురోహితుడి పెత్తనం మీద. చేసుకునేవాళ్ళకి తాము పలికేది అర్థం కావాలన్నది ఆయన పట్టుదల. డయమంట్‌కి శత్రువులు లేరు, ఆమె గొంతు వేరు. అయినా రెండు పుస్తకాలూ పెళ్ళి మీద హక్కు ఎవరిది అనే అడుగుతాయి. నా పెళ్ళి గుంటూరులో ఫంక్షన్ హాల్లో ప్యాకేజీ కింద జరిగింది. పూలు, లైట్లు, పురోహితుడు అన్నీ కలిపే రేటు. రెండున్నర గంటలు మంత్రాలు చెప్పాను, ఒక్క ముక్క తెలీదు. వెనక్కి తిరిగి ఫొటోగ్రాఫర్‌ని చూసింది మాత్రం గుర్తుంది. నాకు ఈ పుస్తకం మీద ఉన్న అసూయ అదీ.

ఇక స్క్లేర్ ఎక్కడ తప్పాడు? దీనికి జవాబు నాకు పుస్తకంలో కాదు, పెళ్ళిలో దొరికింది.

కొలరాడో రాష్ట్ర చట్టం ప్రకారం పెళ్ళికి ఇంకెవరూ అక్కర్లేదు. లైసెన్సు తీసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకుంటే చాలు, సాక్షులు కూడా వద్దు. అసలైన "డూ ఇట్ యువర్‌సెల్ఫ్" అది. యూదుల పెళ్ళి అలా ఒప్పుకోదు. ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్ళు చుట్టాలు కాకూడదు. అంటే మీ పెళ్ళికి పరాయివాళ్ళు రావాల్సిందే. ఏడు ఆశీర్వచనాలు పూర్తిగా చదవాలంటే పదిమంది పెద్దవాళ్ళు, యూదులు, ఉండాలి. సంప్రదాయం మగవాళ్ళనే లెక్కపెడుతుంది, మావాళ్ళు ఆడవాళ్ళనీ లెక్కపెట్టారు. స్ప్రెడ్‌షీట్లో పదకొండుమంది ఉన్నారు. శనివారం రాత్రి తుఫానుకి ఒక విమానం రద్దయింది, అందులో ఇద్దరు అత్తయ్యలు. మిగిలింది తొమ్మిది.

నాలాంటివాళ్ళం ఇంకో పదమూడుమందిమి అక్కడే ఉన్నాం. కానీ ఆ లెక్కలో మేం రాము. కర్ర పట్టుకోవచ్చు, అంతే. కొంచెం గుచ్చుకుంది, అబద్ధం ఎందుకు. కానీ నిజానికి మావాళ్ళకి దగ్గర దగ్గర ఎంపికలన్నీ పుస్తకం ఇచ్చేసింది. ఇదొక్కటి మాత్రం ఎంచుకోలేరు. కావాలనుకుంటే సర్దుకోవచ్చు, కొన్ని ఆశీర్వచనాలు వదిలేయొచ్చు. అమ్మాయి వదలనంది. ఆదివారం పొద్దున్నే ఫోన్లు మొదలయ్యాయి. ఎవరికో తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళు, పక్క ఊళ్ళో ఉండే వృద్ధ దంపతులు, ఎవరి పెళ్ళో కూడా సరిగ్గా తెలియకుండా గంటసేపు కారు నడుపుకుంటూ వచ్చారు. ఆయన కోటు వేసుకుని, ఆవిడ కేకు పట్టుకుని. దిగగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "పెళ్ళికూతురు భోంచేసిందా?"

డయమంట్ పుస్తకంలో మొదటిసారి నేను పట్టించుకోకుండా దాటేసిన విషయం ఇదేనని ఇంటికొచ్చి మళ్ళీ చదివితే తెలిసింది. ఎంపికల మోజులో పడి లెక్కల్ని చూడలేదు. నాలుగు, రెండు, పది. "మీరే చేసుకోండి" అని చెప్పే ప్రతి పేజీ వెనకా మీరు ఒక్కళ్ళే చేయలేని పని ఒకటి ఉంది. అభిరుచి చట్టాన్ని తినేసిందన్న స్క్లేర్ ఇది చూడలేదేమో. ఇంటికి దూరంగా ఉన్నవాడికి దొరకనివి కొవ్వొత్తులూ శాలువాలూ కావు. మనుషులు. అవన్నీ చేసుకోవడం పుస్తకం నేర్పగలదు. పదో మనిషిని మాత్రం అడగాలి.

కెతుబాలో ఊరి పేరు రాసే చోట బ్రూక్లిన్ అనీ షికాగో అనీ రాయరు. పెళ్ళి జరిగే ఊరు రాయాలి. ఆ రోజు ఎక్కడ నిలబడితే అదే. సాక్షులుగా సంతకం చేసింది, ఒకరు మా ఆఫీసు అమ్మాయి, ఇంకొకరు ఆ కోటు పెద్దాయన.

మధ్యాహ్నం గాలి లేచింది. శాలువా తెరచాపలా ఉబ్బింది. ఆశీర్వచనాలు నాకు అర్థం కాలేదు, కానీ ఈసారి ఫొటోగ్రాఫర్‌ వైపు చూడలేదు. రెండు చేతులా కర్ర పట్టుకున్నాను. మర్నాడు భుజాలు నొప్పెట్టాయి.