కడ్డీ జారే వేళ

ధాన్యం కొనేవాళ్లు గింజను పంటి కింద పెట్టి గుణం చెబుతారు. పిండి మిల్లు ల్యాబులో నా కళ్లు మాత్రం సెకన్ల మీదే. 7 గ్రాముల పిండి, 25 మిల్లీలీటర్ల నీళ్లు గాజు గొట్టంలో పోసి బాగా కుదిపి, మరిగే నీళ్లలో దించుతాం. నిమిషం పాటు కడ్డీతో కలియబెట్టి వదిలేస్తే, అది తన బరువుతో తానే జావలోకి దిగుతుంది. మొత్తం పట్టిన సెకన్లే ‘ఫాలింగ్ నంబర్’. కలియబెట్టిన 60 కూడా లెక్కలోకే వస్తాయి కాబట్టి ఎంత నాసి గోధుమకైనా అరవై ఖాయం!

మొలకెత్తిన రాగుల పిండితో జావ కాస్తే పలచగా ఉంటుంది కదా, ఇదీ అంతే. మొలకకు సిద్ధమైన గింజలో ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్ పుట్టి పిండిపదార్థాన్ని తుంచేస్తుంది. జావ చిక్కబడదు, కడ్డీ సర్రున జారుతుంది. ఆ పిండితో చేసిన బ్రెడ్ లోపల బంకగా ఉండి కత్తికి అంటుకుంటుంది.

కోతలప్పుడు తడిస్తే గింజ మొలకకు సిద్ధమవుతుంది కాబట్టి, నంబర్ తగ్గితే అందరూ వాననే తిడతారు. విత్తనం సంగతి ఎవరికీ పట్టదు. ఎర్ర గోధుమలు సాధారణంగా తెల్లవాటికన్నా గాఢంగా నిద్రపోతాయి, కోతలప్పుడు తడిసినా తొందరగా మొలకెత్తవు. మనకేమో చపాతీ తెల్లగా ఉండాలి. అందుకే 1960లలో మన శాస్త్రవేత్తలు సోనోరా 64 ఎర్ర గింజను రేడియేషన్‌తో లేతరంగుకు మార్చి షర్బతీ సోనోరా తెచ్చారు. మార్చి, ఏప్రిల్ ఎండల్లో కోతలు కోసే దేశం కనుక రంగు వెంట పోయినా సాగిపోయింది.

కొన్ని గోధుమల్లో ఇంకో రకం జన్యువులున్నాయి. చుక్క వాన పడకపోయినా, గింజ ముదిరే రోజుల్లో చలి తగిలితే చాలు, ఎంజైమ్ తయారైపోతుంది. కంటికి మొలకా కనిపించదు. 2016లో అమెరికాలోని వాషింగ్టన్, ఐడహో రైతులకు నంబర్ 300 దాటక ధర తెగినప్పుడు వానతోపాటు ఈ గుణమూ కారణమే. కడ్డీకి ఆ తేడా తెలియదు. విత్తనం చేసిన పనికి రైతు ధర కోయడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

మా ల్యాబులో తంటా తిరగబడి ఉంటుంది. ఎండలో ఎండిన గోధుమ, నంబర్ తరచూ 400 పైన. ఎంజైమ్ మరీ తక్కువైతే బ్రెడ్ పొంగదు కనుక బూజు నుంచి తీసిన అమైలేజ్‌ను చిటికెడు కలుపుతాం. అది వేడికి త్వరగా చచ్చిపోతుంది, మరిగే నీళ్లలో దాని జాడే దొరకదు. అందుకే కలిపాక నంబర్ చూడటం మానేసి బేకరీ నుంచి ఫోన్ కోసం చూస్తాను.