లైబ్రరీలో నాలుగు గంటలు

కత్తి దూసేవాడికి, మంత్రం వేసేవాడికి దొరికినంత మర్యాద ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో పుస్తకం తిరగేసేవాడికి చాలాకాలం దొరకలేదు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టరై కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్రలోకి దిగి మాట్లాడతారు. ఎటూ తేలని చోట పాచికలు వేస్తారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ ఆటలకు రూపు వచ్చింది. అందులోనూ పరిశోధన ఉంది కానీ అది మాంత్రికుడి సొంత వ్యవహారం. మొదటి అంచె మంత్రాన్ని కొత్తగా కట్టాలంటే 2,000 బంగారు నాణేలు, ఒక వారం ఖర్చు. ఇంతా పెడితే కుదిరే అవకాశం 20 శాతం. వారంపాటు గదిలో వాడేం చేశాడో మాత్రం ఎవరూ అడగరు.

అదే ఆటకు 2017లో వచ్చిన అనుబంధ గ్రంథం జానథార్స్ గైడ్ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క కొంచెం మనుషుల్లో పడింది. ఏ విషయం గురించైనా ఆరా తీయవచ్చు. కనీసం ఒక పనివారం, 50 బంగారు నాణేలు పెట్టాలి. పాచిక బాగా పడితే మూడు సంగతులు తెలుస్తాయి, ఓ మాదిరిగా పడితే ఒకటో రెండో, పడకపోతే వట్టి చేతులే. పైగా ప్రతి వారానికీ పది శాతం చిక్కు పొంచి ఉంటుంది: అరుదైన పుస్తకం పాడుచేయడమో, తప్పుడు సమాచారాన్ని నిజమని మోసుకురావడమో. ఆ చిక్కు పెట్టినవాళ్ళెవరో గాని పాత కాగితాలతో తలపడ్డవాళ్ళే అయి ఉంటారు.

పాత్‌ఫైండర్ అనే మరో ఆట 2019 నాటి రెండో కూర్పులో నిచ్చెన వేసింది. శిక్షణ లేనివాడు, శిక్షణ పొందినవాడు, నిపుణుడు, ఆచార్యుడు, ఆపైన పురాణపురుషుడు. ఏడో లెవెల్‌కు చేరందే ఆచార్య పదవి రాదు, పదిహేనుకు చేరందే పురాణపురుషుడి హోదా రాదు. మెట్టుకు రెండేసి చొప్పున పాచిక మీద కలిసొస్తుంది. చూడముచ్చటైన ఏర్పాటే. కాకపోతే ఎంత ఎత్తున ఉన్నావో చెబుతుంది గాని ఎక్కడమెలాగో చెప్పదు. రాక్షసుల్ని చంపి లెవెల్ పెంచుకుని, ఆ మెట్టును తాళపత్రాలు చదివే విద్యకు ఖర్చుపెట్టుకోవచ్చు. నాకు అక్కడే అసంతృప్తి.

ఎక్కడమెలాగో చెప్పిన ఆట నా దృష్టిలో కాల్ ఆఫ్ క్తుల్హూ. 1981లో శాండీ పీటర్సన్ రాశాడు, కేయోసియం అచ్చేసింది. ఫాంటసీకి పక్కింటి భయానక కథ ఇది. వీరుల చోట ప్రొఫెసర్లు, పత్రికా విలేకరులు, డాక్టర్లు ఉంటారు. కాలం సాధారణంగా 1920లు. ఎదురయ్యేవి తుపాకీతో చచ్చే రకం కావు కనుక, బతికి బట్టకట్టాలంటే ముందుగా తెలుసుకోవాలి. అందుకే ఇందులో 'లైబ్రరీ యూజ్' అనే నైపుణ్యానికి పిస్తోలు పేల్చడానికున్నంత విలువ. ఇప్పటి కూర్పులో ఎవరికైనా పుట్టుకతో 20 శాతం ఉంటుంది. పది ముఖాల పాచికలు రెండు వేసి ఒకటి పదుల స్థానం, ఒకటి ఒకట్ల స్థానం అనుకుని చదువుతారు. తన అంకెకు లోబడి పడితే దొరికినట్టు. పాచిక ఒకసారి వేయడమంటే కథలో నాలుగు గంటలు గడిచినట్టు. ఆ నాలుగు గంటల్లో బయట ఎవరైనా చావచ్చు.

ఈ నైపుణ్యం పెరిగే తీరే అసలు తమాషా. ఆటలో అది ఫలించినప్పుడు దాని పక్క గడిలో టిక్కు పెట్టుకుంటారు. కథ ముగిశాక టిక్కున్న ప్రతిదానికీ మళ్ళీ పాచికలు వేస్తారు, ఈసారి లెక్క తిరగబడుతుంది. పడిన అంకె తన అంకెను మించాలి. మామూలు వేళ ఓటమి అనిపించుకునేదే ఇక్కడ గెలుపు. మించితే, పది ముఖాల పాచిక ఒకటి వేసి అది ఎంత చూపితే అంత కలుపుకోవాలి. ఇరవై దగ్గర ఉన్న కొత్తవాడు వందలో ఎనభైసార్లు పెరుగుతాడు. ఎనభైకి చేరిన పండితుడికి ఆ అవకాశం ఇరవైసార్లే. తెలియనిది ఎదురుపడిన మేరకే ఎదుగుదల. తెలిసినది పెరిగేకొద్దీ అది అరుదు. ఈ పద్ధతిని 1978 నాటి రూన్‌క్వెస్ట్ నుంచి తెచ్చుకున్నారు, అక్కడ కత్తిసాముకైనా ఇదే సూత్రం. కాని చదువుకు కుదిరినంత అందంగా కత్తికి కుదరలేదనిపిస్తుంది. తొంభైకి చేరితే ఇంకో బహుమానం ఉంది. పాత్రకు మానసిక స్థైర్యం కొంత తిరిగొస్తుంది. ఒక విద్య చేతికొచ్చినవాడికి మతి కాస్త నిలబడుతుందని ఆట లెక్క. అలాంటి ఉద్దండుల్ని చూస్తే నిజమేననిపించదు గాని, పోనీ.

జంషెడ్‌పూర్‌లోని మా అగ్రికో పేటలో ఆదివారాలు ఈ ఆట ఆడే కుర్రాళ్ళు కొందరున్నారు. తెలుగిళ్ళ వాళ్ళు, బెంగాలీలు, బిహారీలు కలిసిన జట్టు, మాట్లాడుకునేది హిందీ. జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి టాటా ఉక్కు కంపెనీ పనికి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం నడుస్తోంది. ఆట నడిపేది కాలేజీలో చరిత్ర చదివే అమ్మాయి. అమెరికా న్యూ ఇంగ్లండ్‌లో జరగాల్సిన కథను తీసి 1928 నాటి జంషెడ్‌పూర్‌లో పెట్టింది. అది కంపెనీలో పెద్ద సమ్మె జరిగిన ఏడు, సుభాష్ చంద్ర బోస్ వచ్చి కార్మికుల పక్షాన నిలిచిన ఏడు. పలుగూ పారా చేసే అగ్రికో కర్మాగారం అప్పటికే ఉంది, పేటకు ఆ పేరు దానివల్లే. ఆంధ్రలో రైతులు 'టాటా పార' అనేది ఈ సరుకునే.

కొత్తగా చేరిన కుర్రాడొకడు మొదటి రోజే పాచికలు అందుకున్నాడు.

"అక్కా, నేను లైబ్రరీకెళ్ళి సమ్మె గురించి వెతుకుతా."

"ఏ సంగతి?"

"అంతా."

"అంతా అనే పుస్తకం ఏ బీరువాలో ఉంటుందిరా?"

వాడు కాసేపు బుర్ర గోక్కుని, సమ్మె మొదలైన వారంలో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ఎవరెవరు పనిలోకి రాలేదో చూస్తానన్నాడు. ఆ హాజరు పట్టీ లైబ్రరీలో ఎందుకుంటుందని అక్క అడిగింది. "అయితే టైమాఫీసుకి" అన్నాడు. అక్కడికి వెళ్ళడానికి లైబ్రరీ యూజ్ పనికిరాదు, గుమాస్తాను మాటల్లో పెట్టాలి. పాచిక ఇంకా చేతిలోనే ఉంది, వాడు మాత్రం అప్పటికే ఒక మెట్టెక్కాడు. ప్రశ్నకు గిరి గీయడం, ఆ ప్రశ్నకు జవాబు ఏ కాగితంలో ఉండే వీలుందో, ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటుందో ఊహించడం. పాత్ర వివరాలు రాసుకునే షీటు మీద వీటికి గడులు లేవు. మంచి గేమ్ మాస్టర్ పాచిక వేయనిచ్చే ముందు వీటిని రాబట్టుకుంటుంది.

రెండో మెట్టు ఒక ఆధారాన్ని ఇంకోదాని పక్కన పెట్టడం. గేమ్ మాస్టర్లలో ఒక వాడుక ఉంది. ఆటగాళ్ళు పట్టుకు తీరాల్సిన ప్రతి నిర్ధారణకీ కనీసం మూడు క్లూలు సిద్ధం చేసుకోవాలని. జస్టిన్ అలెగ్జాండర్ రాసిన సూత్రమిది. ఒకటి కనపడకపోవచ్చు, రెండోది కనపడినా అర్థంకాకపోవచ్చు, మూడోదైనా అందుతుందని. అగ్రికో బల్ల దగ్గర ఆ మూడూ మూడు రకాలుగా మాట్లాడాయి. కలకత్తా పత్రిక కబురు, కంపెనీ కాగితం, ముసలి కార్మికుడి జ్ఞాపకం. పత్రిక తేదీ సరిగ్గా చెప్పి కారణం తప్పు చెప్పింది. కంపెనీ కాగితం మనుషుల్ని లెక్కపెట్టింది కాని కోపాన్ని లెక్కపెట్టలేదు. ముసలాయన కోపం బాగా చెప్పాడు, ఏడాది మాత్రం కలగాపులగం చేశాడు. కొత్తవాళ్ళు ఇందులో ఎవరు అబద్ధమాడారని గొడవపడ్డారు. జట్టులో అనుభవమున్న పిల్ల ఒక్కతే, ఎవరికి ఏది కనబడే చోటు ఉందని అడిగింది. ఈ తేడా షీటు మీద ఇరవైకీ అరవైకీ మధ్య ఉన్నంత.

మూడోది 'పుషింగ్'. 2014లో వచ్చిన కాల్ ఆఫ్ క్తుల్హూ ఏడో కూర్పు దీన్ని తెచ్చింది. పాచిక తప్పినా ఇంకోసారి వేయవచ్చు. అయితే ఈసారి కొత్తగా ఏం చేస్తున్నావో చెప్పాలి, తప్పితే మూల్యం గట్టిగా చెల్లించాలి. లైబ్రరీ మూసేశాక దాక్కుని ఉంటావా, గుమాస్తాకు లంచమిస్తావా, ఆ శిథిలమైన పుస్తకాన్ని ఇంటికి పట్టుకుపోతావా? మళ్ళీ మళ్ళీ వేస్తే ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుందిలే అనే బద్ధకానికి ఇది మందు.

ఇంతకీ దొరకడమే గొప్పా అని ఎదురడిగినవాళ్ళూ ఉన్నారు. రాబిన్ లాస్ కట్టిన గమ్‌షూ పద్ధతిలో, తగిన నైపుణ్యమున్నవాడు తగిన చోట వెతికితే ముఖ్యమైన క్లూ పాచికలతో పనిలేకుండా దొరికిపోతుంది. ఆ పద్ధతి మీదే 2008లో కెనెత్ హైట్ ట్రయల్ ఆఫ్ క్తుల్హూ రాశాడు. కాగితం దొరకడం అదృష్టం మీద వేలాడకూడదు, దాన్ని అర్థం చేసుకోవడంలోనే ఆట ఉండాలని వాళ్ళ వాదం. సగం ఒప్పుకుంటాను. అయితే ఆర్కైవులో కూర్చున్నవాళ్ళెవరినైనా అడగండి, వెతికింది దొరకని రోజే ఎక్కువ నేర్పుతుంది. ఆ రోజుకు గమ్‌షూలో చోటు లేదు.

పరిశోధనలో ఆచార్యుడంటే ఎలా ఉంటాడని కుర్రాళ్ళు అడిగితే నేను మాంత్రికుల పేర్లు చెప్పను, శ్రీకాకుళం మనిషి పేరే చెబుతాను. గిడుగు రామమూర్తి 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టాడు. 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరాడు. పుట్టిన ఊరి పక్కనే, వంశధార ఒడ్డున, ముఖలింగం గుడి గోడల నిండా శాసనాలు. వాటిని చదివే చదువు ఆయనకు లేదు. చెప్పే గురువూ దగ్గర్లో లేడు. పాత లిపుల పుస్తకాలు తెప్పించుకుని, తెలిసిన అక్షరం పక్కన తెలియని అక్షరాన్ని పెట్టి, సొంతంగా చదవడం నేర్చుకున్నాడు. చివరికి ముఖలింగమే తూర్పు గాంగుల కళింగనగరమని ఆ శాసనాల ఆధారంతోనే వాదించే దాకా వెళ్ళాడు. ఇరవై నుంచి అరవైకి ఎక్కినట్టనుకోండి. మామూలు పండితుడైతే అక్కడ కూర్చుని అదే విద్యతో గెలుస్తూ ఉండేవాడు.

గిడుగు అలా కూర్చోలేదు, తన అంకె మళ్ళీ సున్నా దగ్గర ఉన్న చోటికి పోయాడు. పర్లాకిమిడి కొండల్లో ఉండే సవరల భాష పట్టుకున్నాడు. దానికి అప్పటికి లిపి లేదు, చదువుకోవడానికి పుస్తకం లేదు. ఆ భాష వచ్చినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నాడు, సవర పిల్లలకు బడులు నడిపాడు, పాఠాలు రాశాడు. 1931లో వచ్చిన సవర వ్యాకరణం ఆ దారిలోదే, నిఘంటువు కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. జంషెడ్‌పూర్‌లో ఉండేవాళ్ళకు ఇక్కడో చుట్టరికం కనబడాలి. సవర ముండా కుటుంబం భాష, మన సంతలో వినబడే సంతాలీ, హో, ముండారీలకు అక్కచెల్లెలు.

వ్యావహారిక భాషకోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. ఆ పోరాటంలో ఆయన ఆయుధం మాత్రం పరిశోధకుడిదే. 1907లో స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్ జె.ఎ. యేట్స్, పుస్తకాల తెలుగుకీ జనం తెలుగుకీ ఇంత తేడా ఎందుకని అడిగిన ప్రశ్న గిడుగులో పనిచేసింది. అది 'అంతా' అనే ప్రశ్న కాదు, గిరి గీసిన ప్రశ్న. గ్రాంథికం గొప్పదా కాదా అని ఉపన్యాసాలతో ఊరుకోలేదాయన. వాడుక రూపాలు తప్పన్నవాళ్ళ ముందు పాత గ్రంథాల్లోంచి, గ్రాంథికవాదుల సొంత రచనల్లోంచి ప్రయోగాలు ఏరి, కుప్పపోసి చూపించాడు. 'బాలకవి శరణ్యం', 'గద్య చింతామణి' తిరగేస్తే ఆ కుప్ప ఎంతదో కనబడుతుంది. ఎదుటివాడి బీరువాలోనే ఆధారం ఉంటుందని ఊహించడం తొంభై దాటినవాడి పని.

ఆటలో దీనికి దగ్గరగా వచ్చేది హ్యాండవుట్. గేమ్ మాస్టర్ నిజంగా చేతికందించే ఉత్తరమో, పత్రిక ముక్కో, పటమో. జంషెడ్‌పూర్ చరిత్రలో దానికి తగ్గ కాగితం ఉండనే ఉంది. 1904 ఫిబ్రవరి 24న భూగర్భశాస్త్రవేత్త పి.ఎన్. బోస్ జంషెట్జీ టాటాకు రాసిన ఉత్తరం, మయూర్‌భంజ్‌లో ఇనుప ఖనిజం ఉందని. సాక్చీ ఊరు జంషెడ్‌పూర్ అనే ఉక్కు ఊరు కావడంలో ఆ కాగితానికి పెద్ద వాటా ఉంది. ఊళ్ళో రస్సీ మోదీ సెంటర్‌లో టాటా స్టీల్ ఆర్కైవ్స్ ఉన్నాయి. ఆట పుణ్యమా అని ఒకరిద్దరు పిల్లలు అటు దారి పట్టినా నాకు చాలు.

అగ్రికో అమ్మాయి ఇచ్చిన హ్యాండవుట్ వేరు. 1928లో ఒక కార్మికుడు శ్రీకాకుళంలో తన వాళ్ళకు రాసినట్టు, తెలుగు లిపిలో ఒక ఉత్తరం తానే రాసి బల్ల మీద పెట్టింది. జట్టులో ఇద్దరు తెలుగిళ్ళ పిల్లలే, ఇద్దరికీ అక్షరం రాదు. క్తుల్హూ షీటు మీద సొంత భాష అంకె పాత్ర చదువు అంకెతో సమానంగా ఉంటుంది, ఇతర భాషలు ఒక శాతంతో మొదలవుతాయి. ఒకడు సొంత భాష అన్నచోట హిందీ రాసుకుని, తెలుగును ఇతర భాషల్లో వేసుకున్నాడు. ఒక శాతం మీద పాచిక వేశాడు, పడలేదు. ఇంకేం చేస్తావని అక్క అడిగితే కాగితం తీసుకుని ఇంటికి పరుగెత్తాడు. నాయనమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఉత్తరమంతా చదివి, మొదట అడిగిన మాట: "ఈ రాసినాయన ఎవరి తాలూకా?" ఆటలోని మనిషని చెబితే నమ్మలేదు. ఆ ఇంటిపేర్లు, ఆ ఊళ్ళు వరసపెట్టి అడిగి, వాడి చేత 'అ ఆ'లు దిద్దించి గాని వదల్లేదు.

వాడు తిరిగొచ్చేసరికి చీకటి పడింది. కథలో నాలుగు గంటలు గడిచాయని అక్క రాసుకుంది, తెలుగు గడిలో టిక్కు పెట్టుకోనిచ్చింది. కథ ముగిశాక పాచికలు వేస్తే ఒకటిని మించకుండా ఎలా ఉంటాయి, మించాయి. పది ముఖాల పాచిక ఆరు చూపింది. ఇప్పుడు వాడి షీటు మీద తెలుగు ఏడు శాతం. గుణింతాలు మాత్రం ఇంకా 'క' దగ్గరే ఉన్నాయని నాయనమ్మ ఫిర్యాదు.