పదునున్న మాట

అనంతపురం జిల్లాలో తాడిపత్రికి దగ్గర్లో యాడికి అనే ఊరుంది. ఆ పేరెట్లా వచ్చిందన్న చర్చ అటుంచితే, ఆ మాట మాత్రం రాయలసీమలో రోజూ నోట నలిగేదే. ‘యాడికి పోతాండావప్పా’ అంటే ఎక్కడికి వెళ్తున్నావని. పుస్తకాల తెలుగే తెలుగనుకునేవాళ్లకు అది ‘ఎక్కడికి’ చెడిపోయిన రూపంలా వినిపిస్తుంది. నిజానికి ‘ఏడ’ పాత సాహిత్యానికి బాగా తెలిసిన మాటే. సీమ నోట ‘యాడ’ అయింది. ‘ఉండాడు’ కూడా అంతే. ‘ఉన్నాడు’లో మరుగున పడిన ‘ఉండు’ ధాతువు అందులో చెక్కుచెదరకుండా ఉంది. కాబట్టి మాండలికాన్ని తప్పుల తెలుగుగా చూడటమే తప్పు. కథలోకి అది అలంకారంగా రాదు, వేరే మాట చెప్పలేని సంగతిని మోసుకొస్తుంది.

‘పదును’నే తీసుకుందాం. వాన కురిసిన మర్నాడు రైతు చేలోకి పోయి మట్టి తవ్వి, పిడికిట్లో పట్టి చూస్తాడు. ముద్దగా అంటుకుంటే ఇంకా ఆరాలి, పొడిగా రాలిపోతే ఆలస్యమైంది. ఆ రెంటికీ నడుమ, విత్తే గొర్రు పట్టడానికి సరిపోయే స్థితి పదును. ‘తేమ’ అంటే నేలలో నీరుందని మాత్రమే తెలుస్తుంది; ‘పదును’ అంటే ఇప్పుడు ఏ పని చేయాలో, ఎంత త్వరగా చేయాలో కూడా తెలుస్తుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే అనంతపురం జిల్లాలో ఈ తేడా ఒక కుటుంబం తిండికి సంబంధించినది. వాన మొహం చాటేసి పైరు వాడితే ‘బెట్ట’, ఊరే వలసపోవాల్సి వస్తే ‘కరువు’. రెంటినీ ‘వర్షాభావం’ అని రాస్తే లెక్క మిగులుతుంది, మనిషి మిగలడు.

ఈ మాటల్ని వాడటంలో రచయితలు రెండు దారులు పట్టారు. కథనాన్ని శిష్ట వ్యావహారికంలో నడిపి, సంభాషణల్ని మాత్రం పాత్రల నోటికి వదిలేయడం ఒకటి. రచయిత నామిని ‘పచ్చ నాకు సాక్షిగా’లోలా చెప్పే గొంతునే చిత్తూరు పల్లె గొంతు చేయడం రెండోది. మొదటి దారిలో చదువరికి సులువు, కానీ కథకుడు చదువుకున్నవాడు, పాత్రలు చదువులేనివాళ్లు అన్న గోడ లేచే ప్రమాదం ఉంది. రెండో దారి ఆ గోడను కూల్చేస్తుంది. ఏ దారిలోనైనా నేర్పంతా ఎంపికలోనే ఉంది. ప్రతి అక్షరాన్నీ వంకర తిప్పి రాస్తే యాస కనిపిస్తుంది గానీ మనిషి వినిపించడు. ‘పోతాండాడు’ అన్న ఒక్క క్రియ, నాయనమ్మను ‘జేజి’ అన్న ఒక్క పిలుపు సరిగ్గా పడితే చాలు, ఇల్లూ వాకిలీ కళ్లకు కడతాయి.

శ్రీకాకుళం పాఠకుడికి ఇవి అర్థమవుతాయా అన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ చిక్కు కొత్తది కాదు. స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1786లో కిల్మార్నక్‌లో అచ్చయిన తన మొదటి పుస్తకం చివర స్కాట్స్ మాటలకు అర్థాల పట్టిక చేర్చాడు, మాటల్ని మార్చలేదు. కథలో అర్థం పనిని బట్టే తెలియాలి. గుంటక తోలాక నేల ఎలా ఉందో చూపితే గుంటకకు వేరే వివరణ అక్కర్లేదు. మాండలికం జనాన్ని విడదీస్తుందన్నది మరో వాదన. విడదీసేది మాట కాదు, దానికి కట్టిన వెల. సీమ యాసను సినిమాలో కత్తి పట్టినవాడి నోటికే కట్టేస్తే, అదే యాసలో విత్తనాల కోసం అప్పు అడిగే రైతు గొంతు బయటివాళ్లకు చేరదు. ఆ గొంతును సింగమనేని నారాయణ వంటి అనంతపురం కథకులు సాహిత్యంలో నిలబెట్టారు. బండి నారాయణస్వామి నవల ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందంటే, సీమ కథ సీమకే పరిమితం కాదనే కదా.

ఇలాంటి మాటలకు కోశాలూ ఉన్నాయి. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి చేపట్టిన మాండలిక వృత్తిపదకోశంలో వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. మాటల్ని భద్రపరచడానికి అవి తిరుగులేని ఆధారాలు. అయితే కోశంలో మాటకు అర్థం దొరుకుతుంది; దాన్ని ఎవరు, ఎవరితో, ఎంత దిగులుతో అన్నారో కథలోనే దొరుకుతుంది. ట్రాక్టరు వచ్చి గొర్రు అటకెక్కిన ఇంట్లో పుట్టే పిల్లలకు ‘పదును’ అంటే కత్తికుండేది మాత్రమే కావచ్చు. పిడికెడు మట్టిని పట్టి చూసే ఆ చెయ్యి ఒక కథలో మిగిలితే, ఆ మాట వాళ్లకూ అందుతుంది. అందుకే, ‘పదును’ను కొట్టేసి ‘తేమ’ అని దిద్దబోయే కలం ఒక్క క్షణం ఆగాలి.