సాక్షి ముందా, ముత్యాలముగ్గు ముందా?

బాపు-రమణల సినిమాల్లో ఏది గొప్పదన్న మాట వస్తే ఎక్కువమంది తడుముకోకుండా 'ముత్యాలముగ్గు' అంటారు. కొంచెం తర్వాతి తరంవాళ్లు 'పెళ్లిపుస్తకం' అంటారు. 'సాక్షి' పేరు ముందుగా చెప్పేవాళ్లు తక్కువ. నా వరుసలో మాత్రం మొదటి సినిమాయే మొదటి స్థానంలో ఉంది. అలా ఎందుకు పెట్టానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తెర మీద దర్శకుడిగా పడే పేరు బాపుది. రాత ముళ్లపూడి వెంకటరమణది. మద్రాసులో బడి రోజుల నుంచి కలిసి తిరిగిన ఈ ఇద్దరినీ తెలుగువాళ్లు ఎప్పుడూ విడదీసి చూడలేదు. అందుకే వీళ్ల సినిమాలను తూచడానికి నేను పెట్టుకున్న కొలత కూడా జంట కొలతే. ఒక సన్నివేశంలో బొమ్మ తీసేసినా, మాట తీసేసినా అది నిలబడకూడదు. బొమ్మ చూపించినదాన్నే మాట మళ్లీ చెప్పకూడదు, మాట చెప్పినదానికి బొమ్మ ఊరికే తాళం వేయకూడదు.

ఈ కొలతకు అందే సన్నివేశాలు 'ముత్యాలముగ్గు'లోనే ఎక్కువని ముందే ఒప్పుకోవాలి. రావు గోపాలరావు కాంట్రాక్టరు పొద్దున్నే ఆకాశం వైపు చూసే ఘట్టం తెలియని తెలుగు ప్రేక్షకుడు ఉండడు. అందరికీ అందంగా కనిపించే ఉదయంలో అతనికి హత్య కనిపిస్తుంది, సూర్యుడిలో నెత్తురు కనిపిస్తుంది. ఆ వెంటనే కళాపోషణ గురించి సెక్రటరీకి పాఠం చెబుతాడు. మనం నవ్వుతాం. కానీ ఆ నవ్వు వెనక ఉన్నది సామాన్యమైన ఊహ కాదు. ఆ కథలో ప్రకృతిని చిత్రకారుడి కళ్లతో చూసేవాడు ఆ దుర్మార్గుడొక్కడే. తన కన్నునే తీసి బాపు ప్రతినాయకుడికి పెట్టాడు, ఆ కన్ను చూసినదానికి రమణ గోదావరి జిల్లా యాసలో గొంతు ఇచ్చాడు. ఆ మాటలు విడిగా రికార్డుల మీద వచ్చి ఊరూరా మోగాయి నిజమే. అయినా ఆ ఆకాశం లేకుండా వింటే సగమే దక్కుతుంది.

ఇషాన్ ఆర్య కెమెరా సంగతి వేరే చెప్పాలి. 'గరం హవా' తీసిన చెయ్యి అది. ఎండనూ నీడనూ ఉన్నవి ఉన్నట్టు వాడుకుని, గోదావరి సీమ ఇళ్లనూ వాకిళ్లనూ రంగుల్లో చూపించాడు. 1975 సంవత్సరానికి జాతీయ స్థాయిలో ఉత్తమ ఛాయాగ్రహణ బహుమతి అతనికీ, ఉత్తమ తెలుగు చిత్రం బహుమతి సినిమాకూ వచ్చాయి. రెండూ న్యాయంగా వచ్చినవే.

మరి ఇంత ఉండీ రెండో స్థానం ఎందుకు? లక్ష్మి వల్ల. అంటే ఆ పాత్ర వేసిన సంగీత నటన వల్ల కాదు, లక్ష్మి పాత్రకు ఆ కథ చేసిన అన్యాయం వల్ల. ఇది ఉత్తర రామాయణమే, కాలం మార్చి చెప్పింది. నిండు గర్భిణి మీద నింద పడుతుంది, భర్త వెళ్లగొడతాడు, కవలలు పుడతారు, ఆ పిల్లలే చివరికి తల్లిదండ్రులను కలుపుతారు. అయితే కాలం మార్చినప్పుడు ఒక పెద్ద తేడా వచ్చింది. ఉత్తర రామాయణంలో సీతను రాముడు శంకించడు. శంకించింది లోకం, రాజుగా అతను లోకానికి తలవంచాడు. 'ముత్యాలముగ్గు'లో శ్రీధర్‌కు ఏలవలసిన రాజ్యం లేదు, జవాబు చెప్పుకోవలసిన ప్రజలు లేరు. అనుమానం అచ్చంగా అతనిదే. రాజధర్మం అనే తెర తీసేసి మగవాడి అనుమానాన్ని నట్టింట్లో నిలబెట్టడం చాలా ధైర్యమైన పని. ఆ ధైర్యం విరామం దాటాక జారిపోయింది. కథ పిల్లల చేతుల్లోకి, వాళ్లకు తోడుగా వచ్చే ఆంజనేయస్వామి చేతుల్లోకి వెళ్లింది. కుట్ర చేసినవాళ్లు దొరికిపోతారు. కానీ ఆ కుట్రను అంత తేలిగ్గా నమ్మిన భర్తను లక్ష్మి ఒక్క ప్రశ్నైనా గట్టిగా అడగదు. గుంటూరు శేషేంద్రశర్మ రాసిన పాటలో ఉన్న దుఃఖపు లోతు, ఆ తర్వాత లక్ష్మి నోట వచ్చే మాటల్లో నాకు దొరకలేదు.

ఇప్పుడు దీని పక్కన 'సాక్షి'ని పెట్టి చూడండి. 1967. నలుపు తెలుపు. గోదావరి ఒడ్డున పులిదిండిలో, సెట్టింగులు లేకుండా తీశారు. స్టూడియోలోనే ఊళ్లు కట్టుకునే రోజుల్లో ఇది పెద్ద తెగింపు. అంతకు ఏడాది ముందే 'గూఢచారి 116'గా సాహసాలు చేసిన కృష్ణను తీసుకొచ్చి, బల్లకట్టు నడిపే పిరికి కిష్టయ్యను చేశారు. ఫకీరు చేసిన హత్యను కిష్టయ్య చూస్తాడు. ఊరు అతన్ని మెచ్చుకుని, భుజం తట్టి కోర్టుకు పంపుతుంది. సాక్ష్యం చెబుతాడు. ఫకీరు తిరిగొస్తున్నాడని తెలిసిన రోజున అదే ఊరు తలుపులు వేసుకుంటుంది.

ఈ కథలో దేవుడు దిగిరాడు. పెద్దమనుషులు రారు. ఆదుకోవడానికి మిగిలింది చుక్కమ్మ ఒక్కతే, ఆమె ఆ హంతకుడి చెల్లెలు. విజయనిర్మల ఆ పాత్రను ఎక్కడా ఏడుపుగొట్టుదాన్ని చేయలేదు. చావు ముంచుకొస్తున్న మనిషిని ఆమె గుడిలో పెళ్లి చేసుకుంటుంది. ఆ పెళ్లిలో మేళం లేదు, బంధువులు లేరు, ఉన్నది ఆమె నిర్ణయం. లక్ష్మి జీవితంలో ప్రతిదీ ఆమెకు జరుగుతుంది. చుక్కమ్మ జీవితంలో ముఖ్యమైనదాన్ని ఆమె చేస్తుంది. ఎనిమిదేళ్ల తేడాతో ఒకే జంట తీసిన రెండు సినిమాల్లో మొదటిదే స్త్రీని ఇంత నిటారుగా నిలబెట్టిందని గమనిస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది.

'సాక్షి'లో రమణ చాలా పొదుపరి. నవ్వించే మాటలు ఉన్నాయి, కానీ ఏ పాత్రా తన చమత్కారాన్ని వినిపించడానికి కథను ఆపదు. కిష్టయ్య భయాన్ని బాపు ఖాళీ దారులతో, మూసిన తలుపులతో చెప్పాడు. అక్కడ మాట పక్కకు తప్పుకుంది. దర్శకుడిగా బాపు కొత్త, చేతిలో డబ్బు తక్కువ, అయినా ఎక్కడ నోరు మెదపకూడదో ఇద్దరికీ తెలిసింది. ఆ నిగ్రహం తర్వాతి సినిమాల్లో అప్పుడప్పుడే కనిపిస్తుంది. కాంట్రాక్టరంతటి గొప్ప పాత్ర 'సాక్షి'లో లేదు కదా అని ఎవరైనా వాదిస్తే నిజమే. జగ్గారావు ఫకీరు భయపెడతాడు, అంతకు మించి గుర్తుండడు. ఒక్క పాత్రను బట్టి వరుస పెట్టాలంటే నేను ఓడిపోతాను. మొత్తం సినిమాను బట్టి పెట్టాలంటే ఓడను.

మూడోది 'పెళ్లిపుస్తకం' (1991). పెళ్లికానివాళ్లు ఉద్యోగం కోసం దంపతులమని చెప్పుకున్న 'మిస్సమ్మ'ను రావి కొండలరావు కథ తిరగేసింది. ఇక్కడ దంపతులే పెళ్లికానివాళ్లలా నటిస్తారు. లక్ష్మి అడగని ప్రశ్నలు ఇక్కడ దివ్యవాణి సత్యభామ అడుగుతుంది, అలుగుతుంది, నిలదీస్తుంది. రాజేంద్రప్రసాద్ కృష్ణమూర్తికి జవాబు చెప్పక తప్పదు. రెండేళ్ల తర్వాత వచ్చిన 'మిస్టర్ పెళ్లాం'కు జాతీయ బహుమతి దక్కింది, ఆమని అందులో చాలా బాగుంది. కానీ అందులో వాదన ముందు నడుస్తుంది, మనుషులు వెనక నడుస్తారు. 'పెళ్లిపుస్తకం'లో మనుషులే ముందు.

నాలుగో స్థానానికి 'అందాల రాముడు' పడవా, 'సీతాకల్యాణం' గంగావతరణమూ పోటీ పడతాయి. నేను 'సీతాకల్యాణం' వైపు. రవికాంత్ నగాయిచ్ కెమెరా మాయతో ఆకాశం నుంచి దిగిన గంగ ఈ రోజు చూసినా కొత్తగానే ఉంటుంది.

రమణ రాసిన చివరి సినిమా 'శ్రీరామరాజ్యం'. అది 2011 నవంబరులో వచ్చేనాటికి ఆయన లేరు. బాపుకూ అదే ఆఖరి సినిమా అయింది. 'ముత్యాలముగ్గు'లో మారువేషంలో చెప్పిన కథనే ముప్పై ఆరేళ్ల తర్వాత సీతారాముల పేర్లతోనే చెప్పారు. నయనతార సీత మీద ఎంత గౌరవమున్నా దీన్ని మొదటి నాలుగింటిలో చేర్చలేను. ఆ ఫ్రేముల్లో బాపు బొమ్మలు నిండుగా ఉన్నాయి, కానీ రాముడి నిర్ణయాన్ని కథ ముందే మన్నించేసింది. ఆ విషయంలో శ్రీధర్‌ను నట్టింట్లో దోషిగా నిలబెట్టిన 1975 నాటి సినిమాయే మేలు. అందుకే అది రెండో స్థానం నుంచి కిందికి దిగదు.