ఇద్దరు మాంత్రికులు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు వాళ్లకు ‘పాతాళ భైరవి’ మీద కాస్త ఎక్కువ హక్కే ఉంది. చక్రపాణితో కలిసి ఈ చిత్రాన్ని తీసిన విజయా సంస్థను నడిపిన బి.నాగిరెడ్డిది పులివెందుల ప్రాంతపు కుటుంబం. దర్శకుడు కె.వి.రెడ్డిది జమ్మలమడుగుకు పడమటనున్న తాడిపత్రి. మాంత్రికుడి శిష్యుడు సదాజపుడిగా వేసిన పద్మనాభం సింహాద్రిపురం నుంచి వచ్చాడు. 1951 మార్చి 15న విడుదలైన ఈ సినిమాను 1985లో పద్మాలయా వారు హిందీలో మళ్లీ తీశారు. దర్శకుడు కె.బాపయ్య. జితేంద్ర, జయప్రద నాయికానాయకులు, కాదర్ ఖాన్ మాంత్రికుడు. కథ దాదాపు అదే. పైగా రంగులు కూడా వచ్చాయి. అయినా పాతదే ఎందుకు నిలబడిందో చూడాలంటే దాని కుట్టుపని విప్పి చూడాలి.

మాయలున్న సినిమాకు పెద్ద చిక్కు ఒకటుంది. ఏదైనా జరగవచ్చు అనుకున్న క్షణం నుంచి ప్రేక్షకుడికి భయం పోతుంది. పింగళి నాగేంద్రరావు రాసిన కథలో అలా జరగదు. నేపాళ మాంత్రికుడికి ఎన్నో విద్యలు తెలుసు గానీ, భైరవిని వశం చేసుకోవాలంటే ఒక సాహసవంతుణ్ణి బలి ఇవ్వాలి. అలాంటివాడు మంత్రంతో పుట్టడు, ఊళ్లు తిరిగి వెతుక్కోవాలి. తోటమాలి కొడుకు రాముడికి ధైర్యం ఉంది, రాకుమారిని అడిగే సంపద లేదు. ఒకడికి మనిషి కావాలి, ఇంకొకడికి డబ్బు కావాలి. ఈ రెండు అక్కరలే ఇద్దరినీ ఒకే గుహలోకి తీసుకెళ్తాయి.

ఆ గుహలో బలి ఘట్టం చూడండి. మొసలిని చంపి శాపం తీర్చినందుకు, అందులోంచి బయటపడ్డ అప్సరస రాముడికి మాంత్రికుడి ఎత్తు చెప్పేస్తుంది. మనకు తెలుసు, రాముడికి తెలుసు, మాంత్రికుడికి మాత్రం తెలియదు. దేవికి మొక్కమంటే, ఎలా మొక్కాలో నువ్వే చేసి చూపించమంటాడు రాముడు. విక్రమార్కుడి కథ విన్న ప్రతి పిల్లవాడికీ పరిచయమైన ఎత్తే. కొత్తదనమల్లా దాన్ని నడిపిన తీరులో ఉంది. అంతవరకు ఆజ్ఞలిచ్చిన మనిషి తనంతట తానే తల వంచుతాడు. ఇక్కడ మాయ ఒక్కటీ లేదు, ఉన్నదంతా బుద్ధి. మాయల సినిమాలో అతి ముఖ్యమైన ఘట్టాన్ని మాయ లేకుండా గెలిపించడం మామూలు ధైర్యం కాదు.

అప్పటికి ఎస్వీ రంగారావు వయసు 32 ఏళ్లు. ఆ గడ్డం, ఆ నడక చూస్తే నమ్మబుద్ధి కాదు. ‘డింభకా’ అన్న ఒక్క పిలుపును సాగదీసి అందులోనే లాలన, ఎగతాళి, ఆకలి మూడూ పలికించాడు. ఆయన ఎక్కడా నవ్వించడానికి ప్రయత్నించడు, అందుకే నవ్వొస్తుంది. కాదర్ ఖాన్ గొప్ప మాటకారి, ఆ రోజుల్లో హిందీ సంభాషణలకు పెట్టింది పేరు. అయితే ఆయన మాంత్రికుడు ఎప్పుడూ మన చప్పట్ల కోసం చూస్తున్నట్టే ఉంటాడు. ఒకసారి నవ్వాక వాడికి భయపడలేం.

ఇక గడ్డం సంగతి. చివర్లో రాముడి స్నేహితుడు అంజి మారువేషంలో చేరి, రాకుమారి మెచ్చాలంటే గడ్డం తీసేయాలని మాంత్రికుణ్ణి ఒప్పిస్తాడు. శక్తి అంతా అందులోనే ఉంది. మొదటి నుంచి వేషంలో భాగమని మనం అనుకున్నదే చివరికి కథకు తాళంచెవి అవుతుంది. మాంత్రికుణ్ణి పడగొట్టింది కత్తి కాదు, ఆడపిల్ల కంటికి అందంగా కనబడాలన్న యావ.

మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణం గురించి ఎంత చెప్పినా తక్కువే. కంప్యూటర్లు లేని కాలంలో, అద్భుతాన్ని చూపించే ముందు దాన్ని చూసే మనిషి ముఖం మీద వెలుగు సరిచూసుకున్న పని అది. కె.వి.రెడ్డి స్టాప్‌వాచ్ పెట్టుకుని సన్నివేశాల నిడివి ముందే లెక్క కట్టేవాడని పేరు. మూడు గంటలు దాటిన సినిమా బరువనిపించకపోవడానికి ఆ లెక్కే కారణం. 1952లో మన దేశంలో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి దక్షిణాది నుంచి ఎంపికైనది ఇదొక్కటే.

హిందీ చిత్రాన్ని పూర్తిగా తీసిపారేయలేం. బప్పీ లహరి పాటలున్నాయి, సెట్లు ఘనంగా ఉన్నాయి, ఖర్చుకు వెనకాడలేదు. కానీ ప్రతి పది నిమిషాలకూ ఒక నాట్యం, ఒక తళుకు తప్పనిసరి అన్న 1980ల పద్ధతిలో కథలోని అక్కరలు పలచబడ్డాయి. పాత సినిమాలో పాట కథను మోస్తుంది, ఇందులో కథ పాట కోసం ఆగుతుంది.

రెండూ చూడదలచుకుంటే ముందు 1985 నాటిది చూడండి. తర్వాత 1951 నాటిది పెట్టుకుని, బలి ఘట్టంలో ఎస్వీ రంగారావు తల వంచేదాకా కన్నార్పకుండా ఉండండి.