వెలుగు నిండిన భవనంలో భయం

భరతుడు నాట్యశాస్త్రంలో భయానక రసానికి విభావాలను చెప్పేటప్పుడు వికృత ధ్వనులను, నక్కల, గుడ్లగూబల వల్ల కలిగే త్రాసాన్ని, అరణ్యాన్ని, శూన్యగృహాన్ని పేర్కొన్నాడు. వాటితోపాటు గురువు పట్ల, రాజు పట్ల చేసిన అపరాధాన్ని కూడా చేర్చాడు. భయానక చలనచిత్రాలు తీసేవారిలో పెక్కుమంది మొదటివాటిని పట్టుకొని చివరిదానిని విడిచిపెట్టారు. అందుచేతనే పాడుబడిన బంగళా, కిర్రుమనే తలుపు, ఆరిపోయే దీపం వాడి వాడి అరిగిపోయినవి. నిర్జన గృహంలో భయపడడానికి కారణం వెదకనక్కరలేదు. పట్టపగలు, పని చేసుకొనే మనుష్యుల నడుమ భయం ఎట్లా పుడుతుందన్నది కష్టమైన ప్రశ్న. ఆ ప్రశ్నకు సగం సమాధానం చెప్పిన చిత్రం, మైక్ నికల్స్ దర్శకత్వాన 1994లో వెలువడిన ‘వుల్ఫ్’. ఆ సగానికి ఆధారమైనది లాస్ ఏంజెలెస్ నగరంలోని బ్రాడ్‌బరీ భవనం.

కార్యాలయాలకు అద్దెకిచ్చే నిమిత్తం 1893లో పూర్తి చేసిన అయిదంతస్తుల కట్టడం అది. గనుల మీద ధనం గడించిన లూయిస్ బ్రాడ్‌బరీ దానిని తలపెట్టి, పూర్తి కాకముందే 1892లో మరణించాడు. బయటినుంచి చూస్తే ఇటుకతో, ఇసుకరాతితో కట్టిన సామాన్యమైన భవనం. లోపల అడుగుపెడితే వేరొక లోకం. కప్పు మీది అద్దాలగుండా దిగివచ్చే పగటి వెలుగు అడుగు అంతస్తు వరకు ప్రసరిస్తుంది. నడుమనున్న ఖాళీ చుట్టూ వసారాలు, లతలవలె మెలికలు తిరిగిన ఇనుప కటకటాలు, పాలరాతి మెట్లు, పంజరాలవంటి లిఫ్టులు. ఎడ్వర్డ్ బెల్లమీ 1888లో ప్రకటించిన ‘లుకింగ్ బాక్‌వర్డ్’ నవలలోని ఒక వర్ణన దీని రూపకల్పనకు స్ఫూర్తి అని ప్రసిద్ధి. క్రీ. శ. 2000 నాటికి క్రయవిక్రయాలు లేని సమాజం ఏర్పడుతుందనీ, వెలుగు నిండిన విశాలశాలల నుంచి ప్రజలు తమకు కావలసిన వస్తువులు పొందుతారనీ బెల్లమీ ఊహించాడు. నక్షాలు గీసే ఉద్యోగి అయిన జార్జి వైమన్, మరణించిన తన సోదరుడు ప్లాంచెట్ ద్వారా పంపిన సందేశం మీదనే ఈ పనికి ఒప్పుకొన్నాడని కూడా చెప్పుకొంటారు. తొలుత నియమితుడైన సమ్నర్ హంట్‌కే ఘనత చెందాలనే వాదం కూడా ఉన్నది. నిజమెట్లున్నా, నవలనూ ప్రేతవాక్యాన్నీ తన జన్మకథగా చెప్పుకొనే వాణిజ్యభవనం అరుదు. 1977లో అమెరికా దానిని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించింది.

ఈ భవనాన్ని తెరకెక్కించినవారిలో నికల్స్ మొదటివాడు కాడు. జోసెఫ్ లోసీ 1951లో తీసిన ‘ఎమ్’లో శిశుహంతకుణ్ణి వేటాడేది ఇక్కడనే. హార్లన్ ఎలిసన్ రచించగా 1964లో టెలివిజన్‌లో ప్రసారమైన ‘డెమన్ విత్ ఎ గ్లాస్ హాండ్’లో ఈ భవనం అదృశ్యమైన గోడతో లోకంనుంచి వేరుపడుతుంది. రిడ్లీ స్కాట్ 1982లో ‘బ్లేడ్ రన్నర్’ కోసం దీనిని చెత్తతో, పొగతో, వాననీటితో నింపి, ఒంటరి మనిషి నివసించే శిథిలగృహంగా మార్చాడు. ఈ మూడింటిలోను కల్పనాశక్తి ఉన్నది, కాని మూడూ చేసినది ఒకటే: వెలుగు కోసం కట్టిన భవనాన్ని చీకటి చేసి శూన్యగృహంగా మార్చడం.

‘వుల్ఫ్’ దీనిని పని జరిగే చోటుగానే ఉంచింది. ఇక్కడ ఇది న్యూయార్క్‌లోని ఒక ప్రచురణ సంస్థ కార్యాలయం. ప్రధాన సంపాదకుడు విల్ రాండల్‌ను మంచు కురిసిన రాత్రి త్రోవలో తోడేలు కరుస్తుంది. అదే సమయంలో సంస్థను ఒక కోటీశ్వరుడు కొనివేస్తాడు. రాండల్ చేరదీసి పైకి తెచ్చిన శిష్యుడే అతని స్థానాన్ని ఆక్రమిస్తాడు. పాత్రికేయ, ప్రచురణ వ్యాపారాలతో పరిచయమున్న మనలో ఎవరికీ ఇంతవరకు అద్భుతమేమీ కనిపించదు. సంపాదకుడు కళ్ళజోడు లేకుండా వ్రాతప్రతులు చదవడం, దూరపు గదులలోని గుసగుసలు వినడం, ఎదుటివాని రహస్యాన్ని వాసనతో పసిగట్టడం మొదలైనప్పుడు అద్భుతం ప్రవేశిస్తుంది. అయితే యజమాని మారిన కార్యాలయంలో ప్రతి ఉద్యోగీ చేసే పని అది కాదా? ఎవరు ఎవరి గదిలోకి పోయినారో, ఎవరికి అనుగ్రహం దక్కినదో ప్రతివాడూ వాసన పడుతూనే ఉంటాడు. ఒక వసారాలో నిలిచినవాడు ఎదుటి వసారాలోని వారికందరికీ కనిపించే ఈ భవనంలో దాగడానికి చోటు లేదు. ఇక్కడ భయాన్ని పుట్టించేది వెలుగే. భరతుడు చెప్పిన రాజభయం ఇదే. స్థలం ఇక్కడ కేవలం ఉద్దీపన కాదు, కథార్థంలో భాగం.

మరొక విశేషం రచయితలమైన మనకు మరింత దగ్గరది. తన వెంట రచయితలందరూ వెళ్ళిపోతారని బెదిరించి రాండల్ పదవిని తిరిగి సంపాదిస్తాడు. అతడు మంచి సంపాదకుడే, పుస్తకాన్ని ప్రేమించేవాడే. అయినా తోడేలుతనం వచ్చిన తర్వాత రచయితలు అతని చేతిలో పావులైనారు. క్రయవిక్రయాలు లేని సమాజాన్ని ఊహించిన నవల స్ఫూర్తినిచ్చిందనే శాలలో సాహిత్యమే బేరానికి వచ్చింది. దర్శకుడు దీనిని ఉద్దేశించినాడో లేదో గాని, భవనం చరిత్ర తెలిసిన ప్రేక్షకునికి ఈ చిత్రంలోని అసలైన దయ్యం ఇక్కడ కనిపిస్తుంది.

దురదృష్టవశాత్తు చిత్రం ఈ చోటును విడిచిపోయింది. ఉత్తరార్ధం కోటీశ్వరుని పల్లెపట్టు భవంతికి, వెన్నెలకు, పశువులశాలకు తరలి, రెండు తోడేళ్ళ పోరుతో ముగుస్తుంది. రొటున్నో ఛాయాగ్రహణం గాని, మోరికోనె సంగీతం గాని ఈ పాత సామగ్రికి ప్రాణం పోయలేకపోయినవి. తెలుగువారు ‘అంకురం’లో చూచిన ఓం పురి వంటి నటుణ్ణి రప్పించి, తాయెత్తు ఇచ్చే ప్రాచ్య పండితుని వేషంతో సరిపెట్టడం కూడా ఈ అలవాటులోనిదే. తోడేలు కథ తోడేలుతో ముగియక తప్పదు కదా అనవచ్చు. తప్పదు; కాని ఆ రెండు మృగాలు ఒకే కుర్చీ కోసం పుట్టినవి. వాటి పోరు ఆ కుర్చీ ఉన్న చోట, కటకటాల చుట్టూ నిలిచిన సహోద్యోగుల ఎదుట జరిగి ఉంటే భయం రెట్టింపయ్యేది.

ఇది మన కథకులు ఆలోచింపదగిన విషయం. మన దయ్యాలు తరచుగా చింతచెట్లలో, పాడుబావులలో, ఊరి వెలుపల ఉంటవి. అంగడి, బ్యాంకు, కచేరీ, అచ్చుకూటం మన కథలలో లేకపోలేదు. కాని అక్కడ జీతం, అప్పు, బదిలీ ఉంటవే గాని భయానకం ఉండదు. రోజుకు ఎనిమిది గంటలు గడిపే చోట మనిషి దేనికి భయపడుతున్నాడో తెలుసుకొన్న రచయితకు శ్మశానం అవసరపడదు.