టంకం పెట్టే చేతికి దండం

ఖరీదైన ఇయర్‌ఫోన్లు ఎవరైనా కొంటారు. వాటిని బతికించేది మాత్రం ప్రొద్దుటూరులో సెల్ రిపేరు బల్ల ముందు కూర్చున్న కుర్రాడే. బంగారు పనికి పేరుపడ్డ ఊరు, సన్నటి టంకం ఇక్కడ కొత్త విద్యేం కాదు.

జాక్ మొదట్లో వైరు తెగి కుడిపక్క మూగబోయిందనుకోండి. పాత జాక్ కోసేస్తాడు. లోపలి రాగి పోగులు వెంట్రుకల్లా ఉంటాయి, పైన రంగు వార్నిష్ పూత. ఆ పూత కాలితే తప్ప టంకం అంటుకోదు. సోల్డరింగ్ మొనను పోగు కొసకు ఆనించి, సన్నగా పొగ లేచేదాకా ఊపిరి బిగబడతాడు. ఇంకాస్త ఆగితే పోగే మాడిపోతుంది. మామూలు జాక్‌లో కొస ఎడమ చెవిది, నడిమి రింగు కుడి చెవిది, మొదలు రెండింటికీ ఉమ్మడి.

"మంచి మాలు న్నా ఇది, పారెయ్యాకు," అంటాడు తలెత్తకుండానే.

రబ్బరు బుడిపె చెవికి సరిగ్గా అమరకపోతే బేస్ అంతా బయటికే పోతుంది. చాలామంది అది చూసుకోకుండా ఇయర్‌ఫోన్లను తిడతారు!

జమ్మలమడుగు బస్సులో 'మల్లీశ్వరి' పాటలు విని చూడండి. పులివెందుల దగ్గరి కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్.రెడ్డి 1951లో తీసిన సినిమా. పాటలు మోనోవి, రెండు చెవులకూ ఒకటే ధ్వని. భానుమతి గొంతు సరిగ్గా తల నడుమ పలుకుతుంది. ఒకపక్క పనిచేయకున్నా స్వరమేదీ పోదు. ఇళయరాజా స్టీరియో పాటలకొచ్చేసరికి మాత్రం కొన్ని వాద్యాలు గల్లంతే. రిపేరుకు పరిగెత్తించేవి అవే.